కాలనీ రోడ్డు మీద బండి నెమ్మదించాలంటే: ఏది పని చేస్తుంది, ఏది ప్రమాదం

అస్ర్ నమాజ్ అయ్యాక, మగ్రిబ్ లోపు పీర్జాదిగూడ కాలనీల్లో రోడ్డు మీద మనుషులు ఎక్కువగా కనిపిస్తారు. పిల్లలు ట్యూషన్ నుంచో మదరసా నుంచో వస్తుంటారు. పెద్దవాళ్ళు మస్జిద్ నుంచి మెల్లగా నడుస్తుంటారు. ఆడవాళ్ళు గేటు దగ్గర నిలబడి నాలుగు మాటలు మాట్లాడుకుంటారు. సరిగ్గా అదే టైముకు ఆఫీసుల నుంచి తిరిగొచ్చే బండ్లు కూడా మొదలవుతాయి.

ఇక్కడ సమస్యకు మూలం హైవే. ఉప్పల్ నుంచి వరంగల్ వైపు వెళ్ళే 163వ నంబరు జాతీయ రహదారి పీర్జాదిగూడను చీల్చుకుంటూ పోతుంది. ఉప్పల్–నారపల్లి మధ్య సుమారు ఆరు కిలోమీటర్ల ఎలివేటెడ్ కారిడార్ పనులు 2018లో మొదలై ఏళ్ళ తరబడి సాగాయి. హైవే మీద బండి కదలకపోతే బైకువాళ్ళు, ఆటోవాళ్ళు చేసేది ఒక్కటే, పక్క కాలనీలోకి తిప్పేయడం. ఇళ్ళ కోసం వేసిన 30 అడుగుల రోడ్డు అలా షార్ట్‌కట్ అవుతుంది. పైగా కొత్తగా వేసిన సీసీ రోడ్డు నున్నగా, సూటిగా ఉంటుంది కాబట్టి ఎవరూ చెప్పకుండానే యాక్సిలరేటర్ తిరుగుతుంది.

దీని మీద కాలనీల్లో సాధారణంగా జరిగేది రెండు పనులు. ఒకటి, "నెమ్మదిగా వెళ్ళండి" అని బోర్డు పెట్టడం. రెండోది, చందా వేసుకుని ఒక రాత్రి సిమెంటుతో స్పీడ్ బ్రేకర్ పోసేయడం. మొదటిదాన్ని ఎవరూ చూడరు. రెండోది చాలాసార్లు కొత్త ప్రమాదం తెచ్చిపెడుతుంది.

వేగం లెక్క

గంటకు 30 కిలోమీటర్లకు, 50కి మధ్య తేడా చిన్నదే అనిపిస్తుంది. లెక్క వేస్తే అలా ఉండదు. ఎదురుగా పిల్లాడు వచ్చాడని గుర్తించి బ్రేకు తొక్కడానికి మనిషికి ఒక సెకను పడుతుందనుకుందాం. 30 వేగంలో ఆ సెకనులో బండి 8 మీటర్లకు కొంచెం ఎక్కువ వెళ్తుంది. పొడి రోడ్డు మీద బ్రేకు బాగా పడితే మరో 5 మీటర్లలో ఆగుతుంది. మొత్తం 13 మీటర్లు. అదే 50 వేగంలో ఉన్న బండి ఆ మొదటి సెకనులోనే దాదాపు 14 మీటర్లు వెళ్ళిపోతుంది. అంటే 30లో ఉన్న బండి పూర్తిగా ఆగిపోయిన చోట, 50లో ఉన్న బండికి ఇంకా బ్రేకే పడదు. పిల్లాడికి తగిలేది పూర్తి 50 వేగంతోనే.

అందుకే 2020 ఫిబ్రవరిలో వివిధ దేశాల మంత్రులు కలిసి చేసిన స్టాక్‌హోమ్ ప్రకటన, నడిచేవాళ్ళూ వాహనాలూ కలిసే చోట గరిష్ఠ వేగం 30 ఉండాలంది. మన దేశంలో 2018 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం మున్సిపల్ పరిధిలో కారుకు 70, బైకుకు 60 వరకు ఉండొచ్చు. రాష్ట్ర ప్రభుత్వం దాన్ని తగ్గించవచ్చు. తగ్గించకపోతే, గల్లీలో 50లో వెళ్ళేవాడు కాగితం మీద తప్పు చేసినట్టు కూడా కాదు. కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారు 1,68,491 మంది. వారిలో 32,825 మంది నడిచి వెళ్తున్నవాళ్ళే.

"నెమ్మదిగా వెళ్తే టైం పోతుంది కదా" అనేవాళ్ళ కోసం ఇంకో లెక్క. 400 మీటర్ల కాలనీ రోడ్డును 40 వేగంలో దాటడానికి 36 సెకన్లు, 20 వేగంలో దాటడానికి 72 సెకన్లు. పోయేది 36 సెకన్లు. ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర ఒక్క సిగ్నల్‌లో పోయేదానికంటే తక్కువ.

స్పీడ్ బ్రేకర్‌కు కొలత ఉంది

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లోనే దీనికి ఐఆర్‌సీ 99 పేరుతో మార్గదర్శకాలు ఇచ్చింది, 2018లో వాటిని సవరించింది. 1988 నాటి కొలత ప్రకారం స్పీడ్ బ్రేకర్ వెడల్పు, అంటే బండి వెళ్ళే దిశలో దాని పొడవు, 3.7 మీటర్లు ఉండాలి. ఎత్తు 10 సెంటీమీటర్లు. మన భాషలో చెప్పాలంటే పన్నెండు అడుగుల మేర మెల్లగా పైకి లేచి, నాలుగు అంగుళాల ఎత్తుకు చేరి, మెల్లగా దిగాలి. దాని మీద 25 వేగంలో వెళ్తే కుదుపు పెద్దగా తెలియదు, 40లో వెళ్తే తెలుస్తుంది. కావలసింది అదే.

కాలనీల్లో రాత్రికి రాత్రి పోసేవి ఎలా ఉంటాయో అందరికీ తెలుసు. అడుగో అడుగున్నరో వెడల్పు, అరడుగు ఎత్తు, రంగు లేదు, ముందు బోర్డు లేదు. దాని మీద నెమ్మదిగా వెళ్ళినా నడుం పట్టేస్తుంది. గర్భిణిని ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళేవాళ్ళు, వెన్ను ఆపరేషన్ అయిన పెద్దాయన, వెనక సీట్లో అమ్మమ్మను కూర్చోబెట్టుకున్న బైకు, వీళ్ళకు నరకం. రాత్రిపూట కనపడక పడిపోయేది కూడా ఎక్కువగా టూ వీలర్లే. ఇంకో సంగతి, రోడ్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా అడ్డంగా పోసేస్తే వాన నీళ్ళు మోరీలోకి పోవు, ఎవరో ఒకరి గేటు ముందే నిలుస్తాయి. సరైన స్పీడ్ బ్రేకర్‌కు రెండు పక్కలా నీళ్ళు పోవడానికి దారి వదలాలి.

మున్సిపల్ అధికారుల అనుమతి, ట్రాఫిక్ పోలీసుల అభిప్రాయం లేకుండా రోడ్డు మీద ఇలాంటి కట్టడం చేసే హక్కు కాలనీ సంఘానికి లేదు. దాని వల్ల ఎవరికైనా దెబ్బ తగిలితే జవాబు చెప్పాల్సింది చందా వసూలు చేసినవాళ్ళే.

రోడ్డు ఆకారమే ముఖ్యం

డ్రైవర్ బోర్డు చదివి నెమ్మదించడు, రోడ్డు ఇరుకుగా కనిపిస్తే నెమ్మదిస్తాడు. ఈ విషయాన్ని బాగా పట్టుకున్నది నెదర్లాండ్స్. 1971లో ఆ చిన్న దేశంలో రోడ్ల మీద మూడు వేల మందికి పైగా చనిపోయారు, వాళ్ళలో 400 మందికి పైగా పిల్లలు. "పిల్లల హత్యలు ఆపండి" అనే పేరుతోనే అక్కడ తల్లిదండ్రుల ఉద్యమం నడిచింది. అంతకు కొంచెం ముందే డెల్ఫ్ట్ అనే ఊళ్ళో ఇళ్ళ మధ్య రోడ్లను మార్చడం మొదలుపెట్టారు. రోడ్డు సూటిగా పోకుండా చెట్లు, బెంచీలు, పార్కింగ్ గీతలు ఒకసారి ఈ పక్క, ఒకసారి ఆ పక్క పెట్టారు. ఫుట్‌పాత్, రోడ్డు అనే తేడా తీసేసి అంతా ఒకే ఎత్తులో పరిచారు. 1976లో దీనికి చట్టం వచ్చింది. అలాంటి వీధిలో నడిచేవాళ్ళకు రోడ్డు మొత్తం వాడుకునే హక్కు ఉంది, బండి మనిషి నడక వేగంతోనే పోవాలి. వీటిని డచ్ భాషలో వూనెర్ఫ్ అంటారు, అంటే నివాస వాకిలి లాంటిది.

ఇది వింటే పాత మొహల్లాలు గుర్తుకొస్తాయి. పాతబస్తీలో వంకర గల్లీ, ముందు ఏముందో కనపడని మలుపు, ఇంటి ముందు చబూత్రా. అక్కడ వేగంగా పోవడం ఎవరి తరమూ కాదు. దారి వెడల్పు మీద తగాదా వస్తే ఏడు మూరలు వదలాలన్న హదీసు బుఖారీ, ముస్లిం రెండు సంకలనాల్లోనూ ఉంది. ఏడు మూరలంటే సుమారు పదిన్నర అడుగులు. అలాగని ఫైరింజన్ పట్టని గల్లీలు మళ్ళీ కావాలని ఎవరూ అనరు. కావలసింది ఆ నెమ్మది మాత్రమే.

మరి 30 అడుగుల రోడ్డులో ఏం చేయొచ్చు? 30 అడుగులంటే 9.1 మీటర్లు. రెండు పక్కలా 1.8 మీటర్ల ఫుట్‌పాత్ వదిలినా బండ్లకు ఐదున్నర మీటర్లు మిగులుతుంది. రెండు కార్లు ఎదురెదురుగా నెమ్మదిగా దాటడానికి అది చాలు. వేగంగా దాటడానికి చాలదు, ఈ డిజైన్‌లో అసలు కిటుకు అదే. ఇబ్బంది ఎక్కడంటే, ఆ ఫుట్‌పాత్ జాగాలో ఇప్పటికే మన ర్యాంపులు, మెట్లు, మొక్కల తొట్లు, పార్క్ చేసిన కార్లు ఉన్నాయి. వేగంగా వచ్చే బండిని తిట్టేవాళ్ళలో చాలామంది ఇంటి ర్యాంపు రోడ్డు మీదికి మూడు నాలుగు అడుగులు వచ్చి ఉంటుంది. నడిచేవాళ్ళు రోడ్డు మధ్యకు దిగేది అందుకే.

ఫుట్‌పాత్ కుదరని చోట కూడా కొన్ని పనులు చేయొచ్చు. స్కూలు, మస్జిద్ గేటు ఎదురుగా రోడ్డును ఫుట్‌పాత్ ఎత్తుకు లేపి, పైన చదునుగా ఉంచి, రంగు పేవర్ బ్లాకులు పరవడం ఒకటి. దాటేవాళ్ళు దిగి ఎక్కక్కర్లేదు, వీల్‌చైర్ కూడా పోతుంది, బండి దానంతటదే నెమ్మదిస్తుంది. మూల మలుపు దగ్గర రోడ్డు వెడల్పుగా ఒంపు తిరిగి ఉంటే బైకు వేగం తగ్గించకుండానే తిరుగుతుంది. ఆ మూలను కర్బ్ రాయితో ముందుకు తెస్తే తగ్గించక తప్పదు. నాలుగు రోడ్ల చోట చిన్న గుండ్రటి దిమ్మె కడితే అదీ పని చేస్తుంది. ఇక షార్ట్‌కట్‌నే ఆపాలంటే, హైవే వైపు చివర తీసి పెట్టుకోగల ఇనుప గుంజలు పాతి, నడిచేవాళ్ళు, సైకిళ్ళు మాత్రమే పోయేలా చేయొచ్చు. కానీ ఇది అంబులెన్సు, వాటర్ ట్యాంకర్, చెత్త ఆటో ఏ దారిన రావాలో చూసుకుని, అధికారులే చేయాల్సిన పని.

గేటు పెట్టి తాళం వేయడం మాత్రం దీనికి జవాబు కాదు. లేఅవుట్ రోడ్లు స్థానిక సంస్థకు రాసిచ్చాక అవి అందరివీ. 2024లో ఏర్పడిన హైడ్రా, రోడ్లకు అడ్డంగా కట్టిన గోడలను కూల్చిన సందర్భాలు నగరంలో చాలా ఉన్నాయి. గేటు వల్ల పక్క బస్తీ పిల్లలు స్కూలుకు చుట్టూ తిరిగి హైవే మీదుగా వెళ్ళాల్సి వస్తే, మన పిల్లల ప్రమాదాన్ని వాళ్ళ మీదికి తోసినట్టే అవుతుంది.

పలకరింపుల లెక్క

1969లో డొనాల్డ్ యాపిల్‌యార్డ్ అనే ప్రొఫెసర్ శాన్ ఫ్రాన్సిస్కోలో దాదాపు ఒకేలాంటి మూడు వీధులను పోల్చాడు. రోజుకు 2,000 బండ్లు పోయే వీధిలో ఒక్కొక్కరికి సగటున ముగ్గురు స్నేహితులు, ఆరుగురికి పైగా తెలిసినవాళ్ళు ఉన్నారు. 16,000 బండ్లు పోయే వీధిలో స్నేహితులు ఒక్కరు కూడా పూర్తిగా లేరు (0.9), తెలిసినవాళ్ళు ముగ్గురు. తమ వీధి బొమ్మ గీయమంటే మొదటి వీధివాళ్ళు వీధి మొత్తం తమదన్నట్టు గీశారు, చివరి వీధివాళ్ళు తమ గేటు వరకే గీశారు. ఆయన 1982లో ఏథెన్స్‌లో వేగంగా వచ్చిన కారు తగిలి చనిపోయాడు.

హైదరాబాద్‌లో దీనికి దగ్గరి అనుభవం చార్మినార్ దగ్గరిది. 2021 అక్టోబర్ 17 నుంచి కొన్ని ఆదివారాలు సాయంత్రం "ఏక్ షామ్ చార్మినార్ కే నామ్" పేరుతో అక్కడ బండ్లు ఆపేసి రోడ్డును కుటుంబాలకు వదిలారు. ఒక్కసారి బండ్లు పోతే ఆ జాగా ఎంత పెద్దదో పాతబస్తీవాళ్ళకే కొత్తగా తెలిసింది. చిన్నపిల్లల కోసం వీధులను, జాగాలను మార్చే కేంద్ర ప్రభుత్వ పోటీ ఒకటి 2020 నవంబర్‌లో మొదలైంది, పేరు నర్చరింగ్ నైబర్‌హుడ్స్ ఛాలెంజ్. అందులో చివరకు ఎంపికైన పది నగరాల్లో వరంగల్, కాకినాడ ఉన్నాయి. ఆ పోటీ పద్ధతి కాలనీలకు కూడా పనికొస్తుంది. ముందు రంగు, డ్రమ్ములు, కుండీలతో తక్కువ ఖర్చులో పెట్టి చూడాలి, ఇబ్బందులు తెలిశాకే సిమెంటు పోయాలి.

అడగడం ఎలా

ముందు సొంత లెక్క తయారు చేసుకోవాలి. రోడ్డు పక్కన టేపుతో 50 మీటర్లు కొలిచి రెండు చివర్లా సున్నంతో గీత గీయాలి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని ఒక్కో బండి ఎన్ని సెకన్లలో దాటుతుందో రాయాలి. 6 సెకన్లంటే 30 వేగం, 9 సెకన్లంటే 20, నాలుగు సెకన్ల లోపంటే 45 దాటినట్టే. ఉదయం స్కూలు టైములో, సాయంత్రం అస్ర్ తర్వాత చెరో గంట, మూడు రోజులు రాస్తే చాలు. పదో తరగతి పిల్లలు కూడా చేయగల పని. ఆ కాగితంలో ఇంకో విషయం కూడా బయటపడొచ్చు, వేగంగా పోయేవాటిలో ఎన్ని బయటివి, ఎన్ని మన కాలనీవే అని. అమ్మీ స్కూటీ తీసుకుని తిరిగే పద్నాలుగేళ్ళ అబ్బాయి కూడా ఆ లెక్కలో ఉంటే, 2019 సవరణతో వచ్చిన 199ఏ సెక్షన్ సంగతి ఇంట్లో చెప్పాలి. మైనర్ నేరానికి తల్లిదండ్రికో బండి యజమానికో మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు.

దరఖాస్తు రెండు చోట్ల ఇవ్వాలి. రోడ్డు ఆకారం మార్చడానికి మున్సిపల్ ఇంజినీరింగ్ విభాగానికి, వేగ పరిమితికి, బోర్డులకు ట్రాఫిక్ పోలీసులకు. మోటారు వాహనాల చట్టం 112వ సెక్షన్ ప్రకారం ఏదైనా రోడ్డు మీద పరిమితి తగ్గించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి, అది నియమించిన అధికారికి ఉంది. సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో ఇస్తే రశీదు వస్తుంది. పీర్జాదిగూడ 2016లో మున్సిపాలిటీ, 2019లో కార్పొరేషన్ అయింది, 2025 చివర్లో గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసింది. పాత ఆఫీసులో ఇచ్చిన దరఖాస్తులు ఉంటే వాటి నకళ్ళు జత చేసి మళ్ళీ కొత్తగా ఇవ్వడం మంచిది. రోడ్డు డిజైన్‌లో ప్రమాణాలు పాటించక మరణమో వైకల్యమో కలిగితే బాధ్యులైన సంస్థకు లక్ష రూపాయల వరకు జరిమానా అని 198ఏ సెక్షన్ చెబుతుంది. దరఖాస్తులో ఆ సెక్షన్ నంబరు ఒక లైను రాస్తే తప్పులేదు.

అడగడానికి సరైన సమయం కొత్త సీసీ రోడ్డుకో మోరీకో ఎస్టిమేట్ వేస్తున్నప్పుడు. అప్పుడైతే మూల తిప్పడం, గేటు ఎదురుగా రోడ్డు లేపడం అదే బిల్లులో పోతుంది. రోడ్డు పోసి ఆరాక అడిగితే, మళ్ళీ తవ్వడానికి ఏ ఇంజినీరూ ఒప్పుకోడు.