మిల్లు గరాటు ఇంటికొచ్చిన దారి

మా ఊరి రైస్ మిల్లు కప్పు మీద రేకుతో చేసిన పెద్ద గరాటు ఉండేది. పైన వెడల్పు, కింద సన్నం. మిల్లు ఆడుతున్నంతసేపూ ఊక గాలితో కలిసి గొట్టంలో ఎగిరొచ్చి పక్కనుంచి ఆ గరాటులోకి దూరేది. గాలి పైకి పోయేది, ఊక కింది మూతి నుంచి గుట్టగా రాలేది. బడి నుంచి వస్తూ ఆ గుట్ట ముందు ఆగిపోయేవాణ్ణి. గరాటు లోపల ఏదో జల్లెడ ఉండి ఉంటుందనుకునేవాణ్ణి. ఏమీ లేదు, ఉత్త డొల్ల రేకే అని మిల్లు మేస్త్రీ చెప్పినా చాలాకాలం నమ్మలేదు.

నలభై ఏళ్ళ తర్వాత మా అమ్మ ఉబ్బసం కోసం వాక్యూమ్ క్లీనర్ కొందామని షాపుకి వెళితే, అక్కడి కుర్రాడు ఒక మిషను ముందు పెట్టి, "దీనికి సంచి ఉండదు సార్, దుమ్మంతా ఈ డబ్బాలో పడుతుంది" అంటూ అద్దంలాంటి ప్లాస్టిక్ డబ్బా ఊడదీసి చేతికిచ్చాడు. డబ్బా మధ్యలో పైన వెడల్పుగా, కింద సన్నగా ఒక చిన్న గరాటు. చూడగానే గుర్తుపట్టాను. మా మిల్లు కప్పు మీదిదే, జానెడు ఎత్తుకు కుదించి పెట్టారు. ఆ గరాటు ఇంట్లోకి ఎలా వచ్చిందో తెలుసుకున్నాకే ఏ మిషను కొనాలో నాకు తేలింది.

ఇంటి దుమ్ముని గాలితో లాగాలన్న ఆలోచన పుట్టినప్పుడు అందులో సంచి లేదు. 1860లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో డేనియల్ హెస్ అనే ఆయన ఒక ఊడ్పు యంత్రానికి పేటెంట్ తీసుకున్నాడు. తిరిగే బ్రష్షు, దాని మీద కొలిమితిత్తి లాంటి తిత్తి. తిత్తి లాగిన దుమ్ముగాలి నీళ్ళ అరల్లోంచి పోవాలి, దుమ్ము నీళ్ళలో ఉండిపోవాలి. మనిషే తోయాలి, మనిషే నడపాలి. 1876లో మిషిగన్ రాష్ట్రంలో మెల్విల్ బిస్సెల్ తెచ్చిన తివాచీ ఊడ్పు బండి దీనికంటే తేలికైనది. చక్రాలు కదిలితే బ్రష్షు తిరిగి చెత్తని పెట్టెలోకి ఎగదోసేది. పీల్చడమన్నది అందులో లేదు.

పీల్చడం గట్టిగా మొదలైంది 1901లో, లండన్‌లో. వంతెనలు, పెద్ద రంగులరాట్నాలు కట్టిన హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంజనీరు, దుమ్ము దులిపే కొత్త అమెరికన్ యంత్రం ప్రదర్శన చూడ్డానికి వెళ్ళాడు. అది గాలిని ఊది దుమ్ము లేపుతోంది. ఊదే బదులు పీల్చవచ్చు కదా అని అడిగితే, అది కుదిరే పని కాదన్నాడట ఆ యంత్రం చేసినాయన. తర్వాత ఒక రెస్టారెంటులో మఖమలు కుర్చీ వీపుకు నోరు ఆనించి బూత్ గట్టిగా పీల్చి చూశాడు. ఊపిరాడక దగ్గు తెరలు. రుమాలు అడ్డం పెట్టుకుని పీలిస్తే రుమాలు అవతలి పక్క నల్లటి మరక. ఆలోచన రుజువైపోయింది.

బూత్ చేసిన యంత్రం ఇంట్లో పట్టేది కాదు. గుర్రబ్బండి మీద పెట్రోలు ఇంజను, పంపు. బండి వీధిలో నిలబడితే పొడవాటి గొట్టాలు కిటికీల్లోంచి లోపలికి పాకేవి. ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేకం ముందు 1902లో వెస్ట్‌మినిస్టర్ ఎబ్బే తివాచీల్ని శుభ్రం చేసింది ఈ యంత్రమే. దుమ్ము పట్టుకున్నది మాత్రం ఆ రుమాలు లాంటి బట్టే.

ఇక్కణ్ణుంచి కథంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. దుమ్ముని పీల్చడం వచ్చేసింది. పీల్చిన గాలిలోంచి దుమ్ముని విడదీయడం ఎలా?

ఈ కథలో నాకు అందరికంటే దగ్గరివాడు జేమ్స్ మర్రే స్పాంగ్లర్. ఒహాయో రాష్ట్రం క్యాంటన్ పట్టణంలో ఒక డిపార్ట్‌మెంట్ స్టోర్లో ఊడ్చి తుడిచే పని ఆయనది. అరవయ్యో పడికి దగ్గరపడిన మనిషి, పైగా ఉబ్బసం. తివాచీ ఊడ్చినప్పుడల్లా లేచే దుమ్ము ఆయాసం తెప్పించేది. ఉద్యోగం మానలేడు, దుమ్ము పీల్చలేడు. 1907లో ఒక చిన్న విద్యుత్ మోటారు, ఒక పెట్టె, చీపురు కర్ర తెచ్చి వాటికి ఒక దిండు గలీబు కట్టాడు. మోటారు దుమ్ము లాగి గలీబులోకి తోస్తుంది, గాలి బట్ట రంధ్రాల్లోంచి బయటికొస్తుంది, దుమ్ము లోపల ఉంటుంది. ఇంట్లో ఒక్క మనిషి పట్టుకు తిరగగల విద్యుత్ వాక్యూమ్ క్లీనర్ అలా ఊపిరాడని మనిషి చేతుల్లో రూపు కట్టింది. 1908 జూన్ 2న పేటెంట్ వచ్చింది. దాన్ని వాడి చూసి మెచ్చుకున్న సుసాన్ హూవర్ భర్త విలియం హూవర్‌ది తోలు సామాన్ల వ్యాపారం. మోటారు కార్లొచ్చి గుర్రాల జీనులకు గిరాకీ తగ్గుతున్న రోజులు. హక్కులు కొని తయారీ మొదలుపెట్టాడు. ఇంగ్లండులో ఇప్పటికీ వాక్యూమ్ క్లీనర్‌తో ఇల్లు శుభ్రం చేయడాన్ని 'హూవర్ చేయడం' అంటారు. స్పాంగ్లర్ పేరు పెద్దగా ఎవరూ తలచుకోరు.

దిండు గలీబే తర్వాత కుట్టిన గుడ్డసంచి అయింది, 1920ల నుంచి వాడి పారేసే కాగితం సంచి కూడా వచ్చింది. సంచి ఎంత మంచిదైనా దానికో చిక్కుంది. గాలి పోవాల్సిన రంధ్రాలూ దుమ్ముని ఆపాల్సిన రంధ్రాలూ ఒకటే. దుమ్ము ఆగేకొద్దీ అవి పూడుకుపోతాయి, గాలికి దారి ఉండదు, పీల్పు తగ్గుతుంది. సంచి సగం నిండకముందే మిషను నీరసిస్తుంది. కొత్త సంచి కొనాలి. అమ్మేవాళ్ళకి అది ఏటేటా వచ్చే రాబడి, కాబట్టి ఈ చిక్కు విప్పాలన్న తొందర వాళ్ళకి లేకపోయింది.

చిక్కు విప్పే ఉపాయం మాత్రం అప్పటికే మిల్లుల్లో ఉంది. పిండి దుమ్ము గాలిలో నిండితే నిప్పురవ్వ చాలు, బాంబులా పేలుతుంది. 1878 మే 2న అమెరికాలోని మినియాపొలిస్‌లో వాష్‌బర్న్ పిండిమిల్లు అలాగే పేలి 18 మంది చనిపోయారు. గాలిలోంచి దుమ్ముని తీయడం మిల్లులకు ప్రాణాల మీది అవసరమైంది. 1885లో మిషిగన్ రాష్ట్రం జాక్సన్ పట్టణంలోని నికర్‌బాకర్ కంపెనీ కోసం జాన్ ఫించ్ అనే ఆయన ఒక పరికరానికి పేటెంట్ తీసుకున్నాడు. బట్ట లేదు, జల్లెడ లేదు. గరాటులోకి గాలిని పక్కవాటుగా వదిలితే సుడి తిరుగుతుంది. బరువైన దుమ్ము అంచుకు విసిరేసినట్టు పోయి గోడకు రాసుకుని కిందికి జారుతుంది. తేలికైన గాలి నడిమి నుంచి పైకి పోతుంది. దానికి సైక్లోన్ అన్న పేరు స్థిరపడింది.

కళ్ళంలో తూర్పారబట్టేటప్పుడు మనవాళ్ళు చేసేదీ ఇలాంటి పనే. చేట ఎత్తి ధాన్యం వదిలితే గాలి పొల్లుని పక్కకు తీసుకుపోతుంది, గింజ నిటారుగా పడుతుంది. బరువుని బట్టే వేరు చేయడం. సైక్లోన్‌కి గాలి వీచేదాకా ఎదురుచూడక్కర్లేదు, తనే సుడి పుట్టించుకుంటుంది. మా మిల్లు మేస్త్రీ చెప్పిన డొల్ల రేకు రహస్యం ఇదే.

మిల్లు నుంచి ఇంటికి దాన్ని గట్టిగా లాక్కొచ్చినవాడు జేమ్స్ డైసన్. చక్రానికి బదులు బంతి ఉన్న తోటపని తోపుడుబండ్లు ఇంగ్లండులో ఆయన తయారుచేసేవాడు. ఫ్యాక్టరీలో రంగు పొడి పట్టే తెర మాటిమాటికీ పూడుకుపోతుంటే, ఒక కోత మిల్లు కప్పు మీద రంపపు పొట్టు తీసే సైక్లోన్ చూసి తనూ అలాంటిది కట్టించుకున్నాడు. అదే రోజుల్లో, 1978లో, ఇంట్లో వాక్యూమ్ క్లీనర్ సరిగా లాగడం లేదని విప్పి చూస్తే అక్కడా పూడుకున్న సంచే. సంచి పీకేసి అట్టముక్కలు, టేపుతో గరాటు చేసి అతికించి ఇల్లంతా తిప్పాడు. పనిచేసింది.

అట్ట గరాటు పనిచేయడం వేరు, పదేళ్ళు మన్నే మిషను కావడం వేరు. ఐదేళ్ళలో 5,127 నమూనాలు చేశాడు డైసన్. ఒక్కోసారి ఒక్కటే మార్చి చూడటం ఆయన పద్ధతి. అన్నాళ్ళూ ఇల్లు గడిచింది ఎక్కువగా భార్య డీర్‌డ్రి చిత్రకళ పాఠాలు చెప్పి తెచ్చిన జీతంతో. ఈ మాట ఎక్కడైనా ఒక వాక్యంలో తేల్చేస్తారు గానీ, ఆ జీతం లేకపోతే మూడువందల నమూనాల దగ్గరే ఆగిపోయేదేమో అనిపిస్తుంది నాకు. పెద్ద కంపెనీలేవీ ముందుకు రాలేదు. జపాన్‌లో 'జి-ఫోర్స్' అన్న పేరుతో 1986లో అమ్మకానికొచ్చింది, చాలా ఖరీదుకి. 1993లో ఇంగ్లండులో సొంత ఫ్యాక్టరీ నుంచి 'డిసి01' వచ్చింది. లోపలి మురికి ఎవరికి చూడాలనిపిస్తుంది, పారదర్శకమైన డబ్బా వద్దు అని అందరూ చెప్పినా ఆయన వినలేదు. అదే జనానికి నచ్చింది. తర్వాత అందరూ అదే దారి పట్టారు.

ఇక మన సంగతి. మన పట్టణాల్లో ఈ యంత్రాన్ని ఇంటింటికీ మోసుకొచ్చినవాళ్ళు 1982లో మొదలైన యురేకా ఫోర్బ్స్ కంపెనీ సేల్స్ కుర్రాళ్ళు. పరుపు మీద నడిపి, వచ్చిన దుమ్ము గుడ్డ మీద చూపించేవాళ్ళు. గోడ నుంచి గోడకు తివాచీ పరిచే ఇళ్ళు మనవి కావు. టైల్స్ మీద చీపురూ తడిగుడ్డా బాగానే పనిచేస్తాయి. పరుపు, సోఫా, కర్టెన్లు, ఫ్యాను రెక్కలు, కిటికీ మెష్, మంచం కింద చెయ్యి పోని మూల, ఇక్కడే దీని అవసరం. అందుకే నేల మీద తిరిగే బ్రష్షు కంటే సన్న మూతి గొట్టం, సోఫా బ్రష్షు, పొడవాటి గొట్టం మీద డబ్బు పెట్టడం మేలు.

షాపులో నేను అడిగిన మొదటి ప్రశ్న గరాటు గురించి. పెద్ద గరాటు ఒక్కటే ఉంటే వెంట్రుకలు, ఇసుక, దూది పడతాయి, సన్న దుమ్ము గాలితోపాటు పోతుంది. సుడి ఎంత ఇరుకైతే విసురు అంత ఎక్కువ. అందుకే మంచి మిషన్లలో పెద్ద గరాటు పైన చిన్నచిన్న గరాటులు గుత్తిగా ఉంటాయి. కొన్ని చౌక మిషన్లలో గరాటే ఉండదు. ఉత్త డబ్బా, మధ్యలో ఒక ఫిల్టరు, అంతే. అది సంచి లేని మిషనే గానీ సైక్లోన్ కాదు. సంచి పడిన పాట్లే ఆ ఫిల్టరూ పడుతుంది. డబ్బా మూత తీసి చూడకుండా కొనకండి.

ఎంత గొప్ప సుడి అయినా అతి సన్నని కణాలు తప్పించుకుంటాయి. వాటిని ఆపాల్సింది బయటికొచ్చే గాలి దగ్గరి ఫిల్టరు. హెపా ఫిల్టరు పుట్టింది రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, అణుబాంబు ప్రాజెక్టులో రేడియోధార్మిక దుమ్ముని పట్టడానికి. 'హెపా' అన్న మాట పెట్టె మీద ఉంటే చాలదు, హెచ్13 లాంటి తరగతి రాసి ఉందా, ఫిల్టరు చుట్టూ రబ్బరు బిగుతుగా ఉందా చూడాలి. సందు ఉంటే గాలి ఫిల్టరుని తప్పించుకుని పోతుంది. కడిగే ఫిల్టరయితే పూర్తిగా ఆరాకే పెట్టాలి, కనీసం ఒక రోజు. ముసురు పట్టిన రోజుల్లో ఇంకా ఎక్కువ. రెండోది కొని ఉంచుకుంటే నయం. ముగ్గుపిండి, సున్నం, సిమెంటు పొడి మామూలు ఇంటి మిషనుతో లాగొద్దు. ఒక్కసారికే ఫిల్టరు పూడుతుంది.

పెట్టె మీది వాట్లు చూసి మురిసిపోవద్దు. అవి మోటారు తినే కరెంటు లెక్క, దుమ్ము లాగే లెక్క కాదు. యూరప్‌లో 2017 నుంచి 900 వాట్లకు మించి ఉండకూడదని నియమం పెట్టినా ఇళ్ళు శుభ్రంగానే ఉన్నాయి. అక్కడి ఎనర్జీ లేబుల్ కోసం మిషన్లని ఖాళీగా పరీక్షించడం తప్పని డైసన్ కంపెనీ కోర్టుకెళితే, 2018లో కోర్టు ఆ లేబుల్ నియమాన్ని కొట్టేసింది. ఇంట్లో ఎవరూ మిషన్ని ఖాళీగా నడపరు. మీరూ డెమో అడిగితే డబ్బా సగం నిండాక ఎలా లాగుతుందో చూడండి.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఉబ్బసం ఉన్న మనిషే ఇంట్లో ఒంటరిగా ఉండి, తనే డబ్బా ఖాళీ చేసుకోవాల్సి వస్తే, నేను మంచి ఫిల్టరున్న సంచి మిషనే కొనమంటాను. సంచిని మూతి మూసి అలాగే పారేయొచ్చు. డబ్బా బోర్లించినప్పుడు స్పాంగ్లర్‌ని బాధపెట్టిన దుమ్మే మళ్ళీ మొహాన లేస్తుంది. మా ఇంట్లో ఖాళీ చేసేది నేను కాబట్టి డబ్బాది తీసుకున్నాం. డాబా మీదికి తీసుకెళ్ళి, పెద్ద కవరులో డబ్బా మూతి లోతుగా దింపి, కవరు అంచు చేత్తో బిగించి మూత తెరుస్తాను. నిమిషం ఆగి, దుమ్ము కుదుటపడ్డాక డబ్బా పైకి తీసి కవరు ముడివేస్తాను.

మొదటి రోజు అమ్మ పరుపు మీద నడిపితే డబ్బా అడుగున బూడిదరంగు పిండి వేలెడు మందాన చేరింది. అమ్మ గుమ్మం దగ్గరే నిలబడి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని చూసింది. "ఇంత దుమ్ము మీదా రా నేను పడుకుంటున్నది?" అంది. ఇప్పుడు ఆదివారం ఆదివారం పరుపు పని కాగానే, మూత తీయకుండా డబ్బా ఒకసారి దూరం నుంచి చూపించి పొమ్మంటుంది. పోయిన వారం కంటే తక్కువుందా ఎక్కువుందా అని వేళ్ళతో కొలత వేసుకుని, అప్పుడు డాబా మీదికి పొమ్మని సైగ చేస్తుంది.