అడ్డం, నిలువు, బదిలీ

ముప్పై నాలుగేళ్ల సర్వీసులో నాకు తొమ్మిది బదిలీలు. ఉత్తర్వు అందిన ప్రతిసారీ మా శ్రీమతి అడిగే మొదటి ప్రశ్న, "ఆ ఊరికి వారపత్రిక వస్తుందా?" అని. సీరియళ్ల కోసం కాదు, గళ్ళ నుడికట్టు కోసం. ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర రాయమని మన సంపాదకులు కోరగానే నాకు ఆ గళ్ళే తట్టాయి.

ఈ ఆటకు పేరే తారుమారై వచ్చింది. లివర్‌పూల్‌లో పుట్టి అమెరికా చేరిన ఆర్థర్ విన్ అనే పాత్రికేయుడు 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో వజ్రం ఆకారంలో గళ్ళు గీసి 'వర్డ్ క్రాస్' అన్నాడు. కొన్ని వారాలకు అచ్చులో మాటలు అటూ ఇటూ అయి 'క్రాస్ వర్డ్' అయింది. అదే నిలిచిపోయింది. అచ్చుతప్పుకు ఇంతటి యోగం మరెక్కడా చూడలేదు! 1924లో దీన్ని కాలయాపన అని ఈసడించిన న్యూయార్క్ టైమ్స్, 1942లో యుద్ధం రోజుల్లో తానే మొదలుపెట్టింది.

ఇంగ్లీషు గడిలో ఒక్క అక్షరమే ఉంటుంది. 'లిజన్' మాటలోని ఆరక్షరాలను కలిపి కుదిపితే 'సైలెంట్' వస్తుంది. మన గడి సంగతి వేరు. గుణింతం, ఒత్తు అన్నీ కలిసి ఒకే గడిలో కాపురం ఉంటాయి. 'మార్పు'కు రెండు గళ్ళు చాలు. అక్షరం కదిలితే దాని దీర్ఘం కూడా వెంట నడుస్తుంది, బదిలీ అయిన ఉద్యోగి వెనుక కుటుంబంలాగా. వాల్మీకి కథలో 'మరా' తిరగబడి 'రామ' అయిందంటే అందుకే.

ఆరుద్రగారి వంటి కవులు కూడా నుడికట్టులు కూర్చారు. ఆధారంలో 'తిరగబడింది' అని ఉంటే కుడి నుంచి ఎడమకు, 'తడబడింది' అంటే అక్షరాలు చెల్లాచెదురు. 'బడిపిల్లవాడి చేతిలోది తిరగబడి వడ్రంగి కొట్టు చేరింది' అంటే పలక కాస్తా కలప అయిందన్నమాట. 'తల తిరిగితే తీగ' అంటే లత. ఇవి రెండూ మా శ్రీమతి నన్ను ఏడిపించడానికి కట్టినవే. మొదటిదానికి నాకు రెండు రోజులు పట్టింది.

మూడేళ్లుగా ఆవిడకు చూపు బాగా తగ్గింది. పత్రికలో అక్షరం కనబడదు. ఇప్పుడు ఆధారాలు నేను చదువుతాను, జవాబులు ఆవిడ చెబుతుంది. గళ్ళన్నీ ఆవిడ మనసులోనే ఉంటాయి. మొన్న 'ఉద్యోగి చేత సామాను కట్టించేది' అని మూడు గళ్ళు వచ్చాయి. ఈ ఒక్కటీ నేనే చెప్పేశాను. పైకి చదువుతూ రాస్తున్నాను: బ, ది, లి...

"లీకి దీర్ఘం ఏదండీ? అడ్డం ఆరుతో కలవదు" అంది, కళ్ళు మూసుకునే.

రబ్బరు తీసుకుని చెరిపాను.