స్టీమ్ ఐరన్: ముడత తీసేది బరువు కాదు, ఆవిరి

నూలు బట్టలో ముడత పడటానికీ, పోవడానికీ కారణం నీరే. తడి తగలగానే పోగుల్లోని సెల్యులోజ్ అణువుల మధ్య ఉండే హైడ్రోజన్ బంధాలు సడలుతాయి. బట్ట ఏ తీరులో ఆరితే ఆ తీరులోనే మళ్లీ బిగుసుకుంటాయి. స్టీమ్ ఐరన్ చేసేదీ ఇదే: ఆవిరితో బంధాలను వదులుచేసి, వేడి పలకతో బట్టను చదునుగా ఆరబెడుతుంది. బొగ్గుల పెట్టె అలవాటుతో దాన్ని బలంగా అదిమి రుద్దుతుంటారు కానీ, దాని వల్ల బట్ట సాగడమే ఎక్కువ. ఇస్త్రీ చేసిన వెంటనే, వేడి తగ్గకముందే మడిచి బీరువాలో పెడితే మళ్లీ ముడతలు పడతాయి. కాసేపు హ్యాంగర్‌కు తగిలించాలి.

లేబుల్ మీది ఇస్త్రీ పెట్టె గుర్తులో ఒక చుక్క ఉంటే పలక వేడి 110 డిగ్రీల సెల్సియస్, రెండుంటే 150, మూడుంటే 200 దాటకూడదని అర్థం. ఒక చుక్క బట్టలకు ఆవిరి పనికిరాదు. టెరికాటన్ లాంటి మిశ్రమ వస్త్రాలకు అందులో సున్నితమైన పోగును బట్టే వేడి పెట్టాలి. తక్కువ వేడి బట్టలతో మొదలుపెట్టి నూలుతో ముగించడం మేలు. పలక వేడెక్కినంత త్వరగా చల్లారదు.

ఎక్కువ నష్టం జరిగేది పట్టుచీరల దగ్గరే. ధర్మవరం, కంచి చీరలకు చాలాసార్లు లేబులే ఉండదు. పలక చాలినంత వేడెక్కకుండా ఆవిరి మీట నొక్కితే నీరు బొట్లుగా కారి మరక పడుతుంది. అందుకే ఆవిరి ఆపేసి, చీరను తిరగేసి, పైన పలుచని నూలు గుడ్డ పరిచి, తక్కువ వేడితో చేయాలి. చవక జరీలో లోహపు పూత వేసిన ప్లాస్టిక్ పోగు ఉండవచ్చు. వేడి పలక నేరుగా తగిలితే అది ముడుచుకుపోతుంది.

బోరు నీళ్లలోని కాల్షియం ఆవిరి రంధ్రాల్లో పేరుకుని, నల్ల ప్యాంటు మీద తెల్లటి పొట్టుగా రాలుతుంది. ఏసీ నుంచి కారే నీటిలో ఉప్పు ఉండదు, నిజమే, దుమ్ము మాత్రం ఉంటుంది. తయారీదారు సూచించిన నీటినే పోసి, పని కాగానే ప్లగ్ తీసి మిగిలింది పారబోయాలి.

230 వోల్టుల దగ్గర 6 ఆంపియర్ల సాకెట్ మోయగలిగేది 1,380 వాట్లే. 2,000 వాట్ల ఐరన్‌కు 16 ఆంపియర్ల సాకెట్ తప్పనిసరి. టీవీ వెనకాల ఎక్స్‌టెన్షన్ బోర్డుకు దాన్ని తగిలించకూడదు.