పులిమేక గీతలు చెరిగిపోకముందే

సురవరం ప్రతాపరెడ్డి గారిది మా పక్క సీమే. 1896లో పుట్టారు, స్వగ్రామం గద్వాల దిక్కు ఇటిక్యాలపాడు. 1952లో వనపర్తి నుంచి హైదరాబాదు శాసనసభకు గెలిచారు. 1949లో వచ్చిన ఆయన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కు తెలుగులో తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దక్కింది. ఏ రాజుల కాలం గురించి రాసినా, అప్పటి జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడారు అని వెతికారాయన. బడిపంతులుగా నాకు ఆ పుస్తకమంటే ప్రాణం.

నాగర్‌కర్నూలు పక్క మా ఊళ్ళో గుడి అరుగుమీద పులిమేక గీతలు చెక్కి ఉండేవి. మూడు పులులు, పదిహేను మేకలు. పక్కనున్న మేక మీదుగా పులి అవతలి ఖాళీలోకి దూకితే ఆ మేక చచ్చినట్టే. మేకలు ఒకదాని వెనక ఒకటి నిలబడితే పులికి దూకే దారుండదు. పులులన్నీ కదలలేక ఆగిపోతే గెలుపు మేకలది. దక్షిణాన నల్లమల, అమ్రాబాద్ అడవిలో ఇప్పటికీ పులులున్నాయి. మందలు కాసే పిల్లగాండ్లకు ఈ ఆట అర్థం విడమరిచి చెప్పే పని పడలేదు.

ఆడవాళ్ళవి అష్టాచెమ్మా, ఓనగుంటలు. గవ్వలు లేకపోతే నాలుగు చింతగింజలను బండమీద ఒక పక్క తెల్లగా అరగదీసేవాళ్ళు. మా అవ్వకు అక్షరం రాదు. అయినా ఏడేసి గుంటల రెండు వరుసలూ ఒకసారి చూసి, ఏ గుంట గింజలు తీస్తే చివరి గింజ ఎక్కడ పడుతుందో ముందే చెప్పేది. ఇంతకన్నా మంచి లెక్కల పాఠం నేను చెప్పలేదు.

ఆటలే కాదు, కథలదీ ఇదే దారి. దొరలను దోచి పేదలకు పంచిన పండుగ సాయన్న కథ కిన్నెర పాటల్లో బతికింది. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకు 2022లో గానీ పద్మశ్రీ రాలేదు. అంత ఆలస్యం మనకు తగదు.

ఐర్లండు 1937లోనే మేలుకుంది. సుమారు 5,000 బడుల్లో 50,000 మంది పిల్లలు ఇంటి ముసలివాళ్ళను అడిగి ఊరి ఆటలు, కథలు, నమ్మకాలు నోటుబుక్కుల్లో రాశారు. ఆ రాతలు నేటికీ భద్రంగా ఉన్నాయి.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పంతుళ్ళకు నా మనవి ఒక్కటే. వచ్చే దసరా సెలవులకు ఆరు, ఏడు తరగతుల పిల్లల చేతికి తలా ఒక నోటుబుక్కు ఇవ్వండి. ఆట పేరు, ఆడే తీరు, చెప్పినవాళ్ళ పేరు, ఊరు రాయించండి. వాళ్ళ అవ్వ చెప్పిన మాటను పుస్తకాల తెలుగులోకి మాత్రం దిద్దకండి.