తల్లిమాను లేని మహావటవృక్షము

చెట్టునకు ప్రాణము ఎక్కడ ఉన్నది? వేప, చింత, మామిడి వంటి వృక్షములను గూర్చి అడిగినచో జవాబు చెప్పుట సులభము. మాను పూర్తిగా కుళ్లిపోయినచో చెట్టు నేలకూలును. మర్రి విషయమున ఈ జవాబు చెల్లదు. కోల్‌కతా నగరమునకు ఎదురుగా, హుగ్లీనది పడమటి గట్టున, శివపూర్ ఉద్యానములో ఉన్న మహావటవృక్షము చరిత్ర ఇందుకు నిదర్శనము.

మర్రిని చూచి విదేశీయులు ఆశ్చర్యపడుట ప్రాచీనకాలమునుండియు ఉన్నది. క్రీ.పూ. 326లో అలెగ్జాండరు పంజాబు ప్రాంతమునకు వచ్చినపుడు, అతని వెంట ఉన్నవారు ఈ చెట్టును చూచినారు. ఆ వార్తలు గ్రీసుదేశమునకు చేరినవి. వృక్షశాస్త్రమునకు ఆద్యుడని పేరుగన్న థియోఫ్రాస్టస్, భారతదేశమునకు రాకయే, ఆ వార్తల ఆధారముతో మర్రిని వర్ణించినాడు. పైనుండి దిగునవి కొమ్మలు కావనియు, ఆకులు లేని వేళ్లనియు ఆయన సరిగానే గుర్తించినాడు. మనము ఊడలు అనునవి ఇవియే.

మర్రి జీవితము తరచుగా మరియొక చెట్టుపై మొదలగును. పక్షులు మర్రిపండ్లను తిని, తాటిమట్టల సందులలో రెట్టవేయును. అక్కడి దుమ్ము, చెమ్మ ఆ విత్తనము మొలకెత్తుటకు చాలును. తాటిని కౌగిలించుకొన్న మర్రి మన పల్లెలలో అపురూపము కాదు. చెట్టు పెరిగి కొమ్మలు అడ్డముగా సాగినకొలది వానినుండి ఊడలు దిగును. గాలిలో వ్రేలాడునంతవరకు ఊడ సన్నని త్రాడువలె ఉండును. కొన నేలలో నాటుకొన్న పిమ్మట అది నీటిని, లవణములను పీల్చి పైకి పంపుచు, క్రమముగా లావెక్కి స్తంభమగును. వేరు, కాండము, ఊతకోల, ఈ మూడింటి పనిని అది ఒక్కటే చేయును. దాని ఆసరాతో కొమ్మ ఇంకను ముందుకు సాగి, క్రొత్త ఊడలను దింపును.

శివపూర్ ఉద్యానమును 1787లో ఈస్టిండియా కంపెనీ సైన్యాధికారి కర్నల్ రాబర్ట్ కిడ్ స్థాపించినాడు. 2009లో దానికి ఆచార్య జగదీశ్ చంద్ర బోస్ పేరు పెట్టినారు. అందలి మర్రి వయస్సు 250 ఏండ్లకు తక్కువ కాదని అంచనా. 1864, 1867 సంవత్సరములలో వచ్చిన పెనుతుఫానులు దాని పెద్ద కొమ్మలను విరిచినవి. ఆ గాయములద్వారా శిలీంధ్రము ప్రవేశించినది. 15 మీటర్లకు మించిన చుట్టుకొలత గల తల్లిమాను కుళ్లసాగినది. తెగులు మిగిలిన భాగములకు వ్యాపింపకుండుటకై 1925లో దానిని తొలగించినారు.

చెట్టు చావలేదు. అప్పటికే నేలలో పాతుకొన్న ఊడలు దానిని పోషించినవి. నేడు 3,000కు పైగా ఊడలతో అది సుమారు 1.9 హెక్టారుల మేర విస్తరించి ఉన్నది. దాని చుట్టును 330 మీటర్ల బాట వేయగా, చెట్టు ఆ బాటను కూడ దాటిపోయినది. 2020 మే నెలలో వచ్చిన ఆంఫన్ తుఫానులో దెబ్బతిన్నను నిలిచినది. అయితే తల్లిమాను లేనందున దాని వయస్సును కచ్చితముగా నిర్ణయించుటకు వలయములను లెక్కించు మార్గము లేదు.

తెలుగునాట ఇట్టి వృక్షములు రెండు ప్రసిద్ధములు. కదిరికి సమీపమున ఉన్న తిమ్మమ్మ మర్రిమాను సుమారు 5 ఎకరములు ఆక్రమించి, 1989లో గిన్నిస్ గ్రంథమున కెక్కినది. లేత ఊడలు క్షేమముగా నేలకు చేరుటకై, మన్ను, ఎరువు నింపిన వెదురుబొంగులలోనికి వానిని మళ్లించు పద్ధతిని అక్కడ అనుసరించినారు. రెండవది మహబూబ్‌నగర్ వద్ద ఉన్న పిల్లలమర్రి. చెట్టు బ్రతుకు పిల్లమానులలో ఉన్నదను సత్యము ఆ పేరులోనే ఇమిడియున్నది. 2017 డిసెంబరులో చెదలు తిన్న పెద్దకొమ్మ ఒకటి విరిగిపడినది. 2018లో సెలైను సీసాలవంటి వానితో చెట్టునకు మందు బొట్టుబొట్టుగా ఎక్కించినారు. కొమ్మలకు ఆసరాగా స్తంభములు కట్టినారు.

ఇన్ని తుఫానులకు చావని చెట్టునకు మనవలన మాత్రము అపాయము కలదు. లేత ఊడ పట్టుకొని ఊగినచో దాని కొన తెగిపోవును. మర్రిక్రింద నేలనంతయు సిమెంటుతో కప్పినచో ఊడ నాటుకొనుటకు చోటు దొరకదు. చూచువారి అడుగులకు మన్ను గట్టిపడినను అంతియే. ఊతము లేని కొమ్మ తన బరువునకు తానే విరుగును. మీ ఊరి మర్రి ఊడలలో ఎన్ని నేలను తాకినవో, ఎన్ని ఇంకను వ్రేలాడుచున్నవో ఒకసారి లెక్కించి చూడుడు. వ్రేలాడుచున్న వానికి క్రింద కొంచెము మెత్తని మన్ను మిగిల్చినచో, ఆ చెట్టు మన మనుమల కాలమునకు కూడ నిలుచుటకు వీలు కల్పించినవారము అగుదుము.