చేతికి తగిన శ్రుతి

బేస్ గిటార్ నేర్చుకోవడం మొదలుపెట్టిన రెండో ఏడు వర్షాకాలంలో తడి గచ్చు మీద జారిపడి ఎడమచేతి చిటికెనవేలు విరగ్గొట్టుకున్నాను. ఎముక అతికింది గాని, నడిమి కణుపు మునుపటిలా చాచుకోవడం మానేసింది. రోజువారీ పనులకు అదేమంత అడ్డు కాలేదు. బేస్ గిటార్‌కు మాత్రం అడ్డొచ్చింది.

ఎందుకో చెప్పాలంటే ముందు ఆ వాద్యం శ్రుతి సంగతి చెప్పాలి. నాలుగు తీగలు. లావుపాటి దానినుంచి సన్నదానిదాకా వరుసగా 'ఇ', 'ఎ', 'డి', 'జి' స్వరాలు. ఏ రెండు పక్క తీగల మధ్య చూసినా షడ్జమానికీ శుద్ధ మధ్యమానికీ ఉన్నంత దూరమే, అంటే ఐదు అర్ధస్వరాలు. ఈ అమరికలో లావు తీగ మీద చూపుడువేలితో ఒక స్వరాన్ని షడ్జమంగా పట్టుకుంటే, దాని పంచమం పక్క తీగ మీద రెండు మెట్ల అవతల ఉంటుంది. పై షడ్జం ఆ పై తీగ మీద, అదీ రెండు మెట్ల అవతలే. బేస్ వాయించేవాడి బతుకంతా ఈ మూడు స్వరాల చుట్టూనే తిరుగుతుంది. మెట్ల మధ్య ఎడం ఎక్కువగా ఉండే కింది భాగంలో ఆ రెండు మెట్ల దూరాన్ని అందుకోవలసింది చిటికెనవేలే.

ఒక మిత్రుడు ఉపాయం చెప్పాడు. లావు తీగను 'ఇ' నుంచి రెండు అర్ధస్వరాలు దించి 'డి' చేస్తే, షడ్జం, పంచమం, పై షడ్జం మూడూ ఒకే మెట్టు మీదికి వచ్చేస్తాయి. ఒక్క వేలు అడ్డంగా ఆనిస్తే చాలు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ మాట నాకు పాఠం చెప్పే మాస్టారితో అన్నాను. ఆయన నవ్వి, "అది దొంగదారి. వాద్యానికి ఉన్న శ్రుతి ఒక్కటే. చెయ్యి రాకపోతే వాద్యాన్ని మార్చకూడదు, చెయ్యి మార్చుకోవాలి" అన్నారు. చెయ్యి మార్చుకోవడం నా వశంలో లేదు. ఆర్నెల్లపాటు గిటార్‌ను సంచిలోంచి తీయలేదు.

ఆ ఆర్నెల్లలో చేసిందల్లా ఒక్కటే. ఈ 'ఉన్న శ్రుతి' ఎక్కడినుంచి వచ్చిందో వెతుక్కుంటూ పోవడం.

బేస్ గిటార్ వయసేమంత ఎక్కువ కాదు. 1930లలో అమెరికాలోని సియాటిల్‌లో పాల్ టుట్మార్క్ అనే ఆయన మెట్లున్న విద్యుత్ బేస్ ఒకటి తయారుచేశాడు గాని, అది జనంలోకి పోలేదు. 1951లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో లియో ఫెండర్ 'ప్రెసిషన్ బేస్' తెచ్చాక కథ మారింది. అంతవరకూ బేస్ వాయించేవాళ్ళు మనిషెత్తు డబుల్ బేస్‌ను మోసుకు తిరిగేవారు. దానికి మెట్లుండవు, స్వరస్థానం వేలికే తెలియాలి. ఫెండర్ దాన్ని మెడలో వేసుకునేంత చేసి, మెట్లు పెట్టి, స్వరం తప్పే ప్రమాదం తగ్గించాడు. 'ప్రెసిషన్' అన్న పేరు అందుకే. మోగే తీగ పొడవు డబుల్ బేస్‌లో దాదాపు 42 అంగుళాలైతే, ఇందులో 34కు తగ్గింది. శ్రుతి మాత్రం డబుల్ బేస్‌దే ఉంచేశాడు.

మరి డబుల్ బేస్‌కు ఆ శ్రుతి ఎలా వచ్చింది? దాని చుట్టాలైన వయొలిన్, వయోలా, చెల్లోల్లో పక్క తీగల మధ్య దూరం స-ప, అంటే ఏడు అర్ధస్వరాలు. డబుల్ బేస్ ఒక్కటే స-మ దూరానికి తగ్గింది. కారణం చెయ్యి. అంత పొడవు తీగ మీద అర్ధస్వరాలు దూరదూరంగా ఉంటాయి. చెయ్యి కదపకుండా నాలుగు వేళ్ళతో అందుకోగలిగేది కింది భాగంలో రెండు అర్ధస్వరాల మేరే. తీగల మధ్య ఏడు అర్ధస్వరాలుంటే పొద్దస్తమానం చెయ్యి పైకీ కిందికీ పరుగెత్తాలి. దూరం తగ్గిస్తే పరుగు తగ్గుతుంది. అంటే మాస్టారు చెప్పిన ఆ ఏకైక శ్రుతి, చెయ్యి రాక వాద్యాన్ని మార్చుకున్న ఫలితమే!

పోనీ, మార్చాక అయినా ఒక్కటిగా నిలిచిందా అంటే అదీ లేదు. 19వ శతాబ్దంలో డబుల్ బేస్ మహావిద్వాంసులుగా పేరుపొందిన ఇటలీవారు డ్రాగొనెట్టి, బొటెసీని ఇద్దరూ మూడు తీగల వాద్యమే వాయించారు. లావు 'ఇ' తీగే లేదన్నమాట. అంతకుముందు, 18వ శతాబ్దపు వియన్నాలో ఐదు తీగల బేస్‌ను 'ఎఫ్', 'ఎ', 'డి', 'ఎఫ్ షార్ప్', 'ఎ' స్వరాలకు శ్రుతి చేసేవారు. పై నాలుగు తీగలూ ఊరికే మీటితే డి మేజర్ తీగజత దానంతటదే మోగుతుంది. మొజార్ట్ 1791లో ఒక గాయకుడికీ ఒక డబుల్ బేస్‌కూ కలిపి రాసిన 'పెర్ క్వెస్తా బెల్లా మానో' ఈ శ్రుతిని నమ్ముకొని రాసిందే. ఇప్పటి స-మ శ్రుతిలో దాన్ని వాయించబోతే వేళ్ళు మెలికలు తిరుగుతాయి. ఆ పేరుకు అర్థం 'ఈ అందమైన చేతి సాక్షిగా' అని తెలిసిన రోజు, నా వంకర వేలికేసి చూసుకొని చాలాసేపు నవ్వుకున్నాను.

ఇక చేతి కథల్లో చెప్పి తీరవలసింది టోనీ అయోమీది. 1965లో బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో పని. వయసు పదిహేడు. అక్కడ అదే ఆఖరి రోజు. యంత్రం కింద పడి కుడిచేతి మధ్యవేలు, ఉంగరపువేలు కొసలు తెగిపోయాయి. ఆయనది ఎడమచేతి వాటం కనుక తీగలు నొక్కేది కుడిచెయ్యే. కరిగించిన ప్లాస్టిక్ సీసాతో వేళ్ళకు తొడుగులు చేసుకొని, వాటికి తోలు అంటించుకొని, సన్నతీగలు వెతికి వేసుకొని మళ్ళీ గిటార్ పట్టాడు. తర్వాత బ్లాక్ సబ్బత్ బృందం పుట్టింది. వేళ్ళ కోసం మొదటినుంచీ శ్రుతి దించే వాయించాడని చాలామంది అంటారు గాని, 1970లో వచ్చిన మొదటి రెండు ఆల్బమ్‌లు మామూలు శ్రుతిలోనే ఉన్నాయి. 1971 నాటి 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ'లో మాత్రం కొన్ని పాటలకు మూడు అర్ధస్వరాలు దించాడు. ఆయనతోపాటు బేస్ వాయించే గీజర్ బట్లర్ కూడా దించాడు. తీగ వదులైతే వేలికి నొప్పి తగ్గింది. దాంతోపాటు, అంతకుముందు వినని ఒక బరువు పాటలోకి దిగింది. గాయం కోసం చేసుకున్న సర్దుబాటు ఒక సంగీతశాఖకే స్వరమైంది.

అది చదివిన రాత్రి సంచి విప్పాను.

దించడం అనుకున్నంత తేలిక కాదు. లావు 'ఇ' తీగ సెకనుకు 41 సార్లు కంపిస్తుంది, 'డి'కి దించితే సుమారు 36.7. అంత మంద్రంలో చెవి స్వరాన్ని సరిగా పోల్చుకోలేదు. అందుకని పన్నెండో మెట్టు మీద తీగను నొక్కకుండా వేలు తాకించి మీటాలి. అప్పుడు ఒక స్థాయి పైన స్వచ్ఛమైన స్వరం పలుకుతుంది. దాన్ని పైనున్న 'డి' తీగతో కలిపి వినాలి. రెండూ కలవనంతసేపూ ధ్వనిలో వావ్... వావ్... అని అలలు లేస్తుంటాయి. కీ తిప్పేకొద్దీ అలలు నెమ్మదిస్తాయి. అవి పూర్తిగా ఆగిన చోట శ్రుతి కుదిరింది. తంబూరా సరిచూసుకునేవారికి ఈ సుఖం తెలిసే ఉంటుంది. ఇంకొక కిటుకు: కావలసినదానికన్నా కాస్త ఎక్కువ దించి, పైకి తెచ్చి ఆపాలి. పైనుంచి దించి ఆపితే కీలోని పళ్ళచక్రాల మధ్య వదులు మిగిలి, నాలుగు దెబ్బలకే శ్రుతి జారిపోతుంది.

చెవికి కుదిరాక చేతికి కష్టాలు మొదలయ్యాయి. తీగ బిగువు కంపనసంఖ్య వర్గాన్నిబట్టి మారుతుంది. రెండు అర్ధస్వరాలు దించితే బిగువు 21 శాతం పడిపోతుంది, మూడైతే 29 శాతం, ఐదైతే 44 శాతం. వదులైన తీగ మెట్లకు కొట్టుకొని గరగరమంది. కుడిచేతి దెబ్బ తగ్గించుకోవాల్సి వచ్చింది. తర్వాత ఇంకాస్త లావు తీగ వేశాను, దానికోసం మొదట్లో తీగ కూర్చునే గాడిని సన్నటి ఆకురాయితో విశాలం చేయించాను. ఆ తీగ మీద నేర్చుకున్న ప్రతి స్వరమూ రెండు మెట్లు పైకి జరిగిపోయింది. రెండేళ్ళ అలవాటు మరచిపోయి మళ్ళీ నేర్చుకోవడానికి మూడు నెలలు పట్టింది. దొంగదారి అన్నారు గాని, ఆ దారిలో నడక తక్కువేమీ కాదు.

ఇక్కడ మన ఫిడేలును తలచుకోకుండా ఉండలేను. ఐరోపా నుంచి వచ్చిన వయొలిన్‌ను కర్ణాటక సంగీతానికి తెచ్చిన తొలివారిలో ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితుల పేరు చెబుతారు. మనవాళ్ళు దాని ఆకారం ముట్టుకోలేదు, శ్రుతి మాత్రం మార్చేశారు. స-ప-స-ప. కింది రెండు తీగల మీద వేళ్ళు ఎలా పడతాయో పై రెండిటి మీదా అలాగే పడతాయి. కింద కూర్చొని వాద్యం కొసను పాదానికి ఆనించడంతో గమకాలకు ఎడమచెయ్యి స్వేచ్ఛగా జారుతుంది. విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడుగారి కమాను కింద పలికినది ఈ మార్చిన శ్రుతే. దాన్ని దొంగదారి అనగలవారెవరు?

చివరగా, నన్ను అన్నిటికన్నా కదిలించిన సంగతి. దించిన నా బేస్ తీగలను వరుసగా మీటి, లావుదాన్ని షడ్జమం అనుకొని స్వరాలు చెప్పుకున్నాను: స, ప, స, మ. ఇది ఎక్కడో చదివినట్టుందే అనిపించింది. విజయనగర సామ్రాజ్యంలో, అళియ రామరాయల కాలంలో, రామామాత్యుడు 1550లో 'స్వరమేళకళానిధి' రాశాడు. అందులో తీగలను శ్రుతి చేసే తీరునుబట్టి వీణలకు వేర్వేరు పేర్లు పెట్టాడు. ఒకదాని నాలుగు తీగలకు కిందినుంచి పైకి చెప్పిన స్వరాలు ఇవే, స-ప-స-మ. దానికి అమెరికా గిటార్‌తో ఏ సంబంధమూ లేదు. నాలుగు తీగలూ ఒక మనిషి చెయ్యీ ఉన్నచోట ఇలాంటి పరిష్కారాలు మళ్ళీ మళ్ళీ పుడుతుంటాయి, అంతే. కాని రామామాత్యుడు ఆ వీణకు పెట్టిన పేరు 'శుద్ధమేళ వీణ'. మా మాస్టారు దొంగదారి అన్న అమరిక ఒకనాడు మనవాళ్ళకు శుద్ధం!

ఆయన మీద నాకిప్పుడు కోపం లేదు. తనకు నేర్పినదాన్నే ఆయన నాకు చెప్పారు. పోయిన ఆర్నెల్లే తిరిగి రావు. ఇప్పుడు నా బేస్ నెలలో చాలా రోజులు దించిన శ్రుతిలోనే ఉంటుంది. మామూలు శ్రుతిలో ఉన్ననాడు చిటికెనవేలు గుర్తొస్తుంది, దించిననాడు గుర్తుకు రాదు.

మీలో వీణో ఫిడేలో గిటారో పట్టినవారుంటే, మీ వాద్యం మీ చేతి కోసం ఎక్కడైనా తలవంచిందా? వంచితే రాయండి. చదవాలని ఉంది.