దొరసాని డాక్టరమ్మ, ఆమె వెంట నడిచిన స్త్రీలు

పాలమూరు సీమలో సువార్త చరిత్ర చెప్పుకొనేటప్పుడు దొరల పేర్లే ముందు వస్తాయి. నాగర్‌కర్నూలు అనగానే 1906లో అక్కడ పని ప్రారంభించిన బెర్గ్‌తోల్డ్ దొరగారిని తలుస్తాము. గద్వాల స్టేషను 1937లో అమెరికన్ బాప్టిస్టుల నుండి మెన్నొనైట్ బ్రదరెన్ వారి చేతికి వచ్చిందని చెప్పుకొంటాము. అయితే ఆ మెన్నొనైట్ మిషనుకు ఈ దేశంలో మొట్టమొదటి డాక్టరు ఒక స్త్రీ అన్న సంగతి మనలో ఎందరికి తెలుసు? పొరుగు సంఘం వారి కథ మన సంచికలో ఎందుకంటారా? రోగం వచ్చినప్పుడు ఏ సంఘం దవాఖాన అని మన పెద్దలు అడగలేదు గదా!

ఆమె పేరు కాతరీన షెల్లెన్‌బర్గ్. 1870లో రష్యాలో పుట్టి, బాల్యంలోనే తల్లిదండ్రులతో అమెరికా చేరారు. అక్కడ వైద్యవిద్య ముగించి 1907లో నైజాం రాజ్యానికి వచ్చారు. అప్పటికే హైదరాబాదులో పార్సీ యువతి రూపాబాయి ఫర్దూంజీ 1889లో మెడికల్ స్కూలు పట్టా పొంది, మత్తుమందు ఇవ్వడంలో పేరు తెచ్చుకున్నారు. కాని అది పట్నం. పల్లెల్లో లేడీ డాక్టరు అంటే వింతే. ఆమె స్త్రీ, అవివాహిత, పరదేశి. పైగా చిన్న సంఘానికి చెందినవారు. వైద్యమా, మగవారి వృత్తి. రైలు లేని నాగర్‌కర్నూలు వంటి తావుల్లో ఎడ్లబండే గతి.

ఒంటరిగా నెగ్గుకు రావడం ఎవరి తరం? ఇక్కడే మన తెలుగు స్త్రీలు ముందుకు వచ్చారు. ఆ రోజుల్లో మిషను దవాఖానలన్నింటా పని సాగిన తీరు ఒకటే. పరదా పాటించే ఇండ్లలోనికి మగవారు పోరాదు. దొరసాని పోవాలన్నా తోడు కావాలి. ఆ తోడు బైబిలు స్త్రీలు. వారు ఇంటింటికీ తిరిగి వాక్యం చెబుతూ, ఏ ఇంట బాలింతకు జ్వరం, ఏ బిడ్డకు కండ్ల కలక అన్నది తెలుసుకొని కబురు తెచ్చేవారు. దొరసాని తెలుగు పల్లె తల్లికి, పల్లె తల్లి తెలుగు దొరసానికి అర్థమయ్యేలా చెప్పేవారు. వారిలో ఎక్కువమంది బీద కుటుంబాల వారు, ఊరి బావి వద్దకు రానివ్వని వాడల వారు. అటువంటి స్త్రీ డాక్టరమ్మ పక్కన సంచి పట్టుకొని దొరల లోగిళ్లలో అడుగుపెట్టడం చిన్న సంగతా! డాక్టరమ్మకు వారు ఎంత అండయో, వారికి ఆమె అంత అండ.

అదే కాలంలో గద్వాల సంస్థానాన్ని చివరిగా ఏలినది కూడా ఒక స్త్రీయే, మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మగారు. గద్దె మీద రాణిని ఒప్పుకొన్న సీమ, మందు పట్టిన స్త్రీని ఒప్పుకోవడానికి మాత్రం జంకింది.

ఇటువంటి కొరతను చూచియే ఐడా స్కడ్డర్ అమ్మగారు 1918లో వెల్లూరులో స్త్రీల కొరకు వైద్య పాఠశాల తెరిచారు. షెల్లెన్‌బర్గ్ అమ్మగారు 1928 నుండి శంషాబాదు ఆసుపత్రిలో పనిచేసి 1945లో అక్కడే ప్రభువునందు నిద్రించారు. జడ్చర్లలో పెద్ద ఆసుపత్రి ఆమె తరువాతి మాట.

సంఘ పరిచర్య సంగతీ ఇంతే. వాక్యం మోసిన స్త్రీలకు వేదిక ఎక్కే హక్కు చాలా ఆలస్యంగా వచ్చింది. దక్షిణ ఇండియా సంఘంలో మొదటి మహిళా బిషప్‌గా ఎగ్గోని పుష్పలలితగారు 2013లో నంద్యాలలో అభిషేకం పొందారు. గద్వాలకు అది తుంగభద్ర అవతలి సీమే. ఆ దినం వరకు పిడికెడు బియ్యం కూడబెట్టి, ప్రార్థన కూడికలు నడిపి సంఘాలను నిలబెట్టినవారు స్త్రీల మైత్రి సభ్యులే అనడంలో అతిశయోక్తి లేదు.

డాక్టరమ్మ పేరు పుస్తకాలలో ఉన్నది. బైబిలు స్త్రీలు పాత రిపోర్టులలో ఎక్కువగా అంకెలుగానే మిగిలారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పాస్టరేట్ల సభ్యులు తమ ఇండ్లలో అవ్వ, నాయనమ్మ, అమ్మమ్మలలో బైబిలు స్త్రీగా గాని, దవాఖాన ఆయాగా గాని, మంత్రసానిగా గాని పనిచేసినవారు ఉంటే, వారి పేరు, ఊరు, తెలిసినంతవరకు సంవత్సరం వ్రాసి తమ సంఘకాపరికి అందజేయవలెనని కోరుచున్నాను. పాత ఫోటోలు ఉంటే వెనుక పేర్లు వ్రాసి మరీ ఇవ్వండి.